తప్పు జవాబు వెనక ఏముందో అధ్యాపకులే వెతకాలి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న డిగ్రీ కళాశాలల్లో ఏ స్టాఫ్ రూములో ఒక పూట కూర్చున్నా 'పిల్లలకు బేసిక్స్ లేవండీ' అన్న మాట వినపడుతుంది. నేను ఇక్కడే ఒక ప్రైవేటు కళాశాలలో బీకాం విద్యార్థులకు అకౌంటెన్సీ చెబుతాను. ఆ మాట అనేవాళ్లు పిల్లలంటే గిట్టనివాళ్లు కారు. పొద్దున్నుంచి నిలబడి పాఠాలు చెప్పి, సాయంత్రం ఇంటర్నల్ పేపర్లు దిద్దుతూ, చెప్పినదంతా ఎటు పోయిందో తెలియక బాధతో అంటారు. కానీ ఏ బేసిక్స్ లేవు, ఎవరికి లేవు, లెక్కలో సరిగ్గా ఎక్కడికొచ్చి ఆగిపోతున్నారు అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబుండదు. ఆ సంగతి కనుక్కోవడం కూడా మన ఉద్యోగమేనని మనకెవరూ చెప్పలేదు. దానికి టైంటేబుల్‌లో ఒక్క పీరియడ్ కూడా లేదు.

విద్యార్థులు ఎలా నేర్చుకుంటున్నారో వాళ్లకు పాఠం చెప్పే అధ్యాపకులే పరిశోధించాలని, ఆ పనికి సమయం ఇవ్వాలని, దాన్ని పరిశోధనగా లెక్కించాలని నేను అడుగుతున్నాను. ఎంఫిల్, పీహెచ్‌డీ ఉన్నవాళ్ల గురించి మాత్రమే కాదు, నెల జీతం మీద రోజుకు అయిదారు పీరియడ్లు చెప్పే మామూలు లెక్చరర్ల గురించి మాట్లాడుతున్నాను.

ఈ ప్రాంతం ఎలాంటిదో ఒకసారి గుర్తు చేసుకోండి. మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్. మెట్రోలో ఐదు స్టేషన్లు. ఆ కాస్త దూరంలో గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షల కోచింగులు, వాటిని ఆనుకుని హాస్టళ్లు, రీడింగ్ రూములు, జిరాక్స్ షాపులు, వాటి మధ్యలో డిగ్రీ కళాశాలలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఊళ్ల నుంచి వచ్చి బస్సు దిగే పిల్లలకు హైదరాబాద్ అంటే ముందు ఇదే. తెలుగునాట ఇంతమంది చదువుకునేవాళ్లు ఇంత దగ్గర దగ్గరగా ఉండే చోట్లు చాలా తక్కువ. ఇంతమంది చదువుతున్న చోట 'వీళ్లు ఎలా నేర్చుకుంటున్నారు' అని చూస్తున్న మనిషి దాదాపు లేరు. కోచింగ్ సెంటర్లు వారం వారం పరీక్ష పెట్టి, ఏ ప్రశ్నకు ఎంతమంది తప్పు ఆప్షన్ పెట్టారో పట్టిక తీస్తాయి. ఎందుకు పెట్టారో వాటికి అక్కర్లేదు. ఈ బ్యాచ్ కాకపోతే వచ్చే బ్యాచ్. కళాశాల అలా కాదు. ఆ పిల్లవాడు మూడేళ్లు మన ముందే కూర్చుంటాడు. మొదటి సెమిస్టర్‌లో వాడికి పడ్డ చిక్కుముడి విప్పకపోతే అయిదో సెమిస్టర్‌లో మళ్లీ మనకే ఎదురవుతుంది.

నా క్లాసులో జరిగిన ఒక సంగతి వివరంగా చెబుతాను. ఈ పరిశోధన అంటే ఏమిటో అందులోంచే తెలుస్తుంది.

మొదటి సెమిస్టర్‌లో చిట్టా పద్దులు నేర్పుతాం. దుకాణం యజమాని అయిదు వేల నగదు బ్యాంకులో వేశాడు, పద్దు రాయండి అంటాం. బ్యాంకు ఖాతాకు డెబిట్, నగదు ఖాతాకు క్రెడిట్. పుస్తకంలో ఉన్న వాక్యం ఉన్నట్టే ఇస్తే చాలామంది సరిగ్గానే రాస్తారు. ఒక ఏడాది ఆ వాక్యం మార్చాను. 'కస్టమర్ సరుకు కొని ఫోన్‌పేలో డబ్బు కొట్టాడు. యజమాని ఫోనుకు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. యజమాని పుస్తకంలో పద్దు రాయండి' అని ఇచ్చాను. ముందు లెక్క సరిగ్గా చేసినవాళ్లలో కూడా చాలామంది బ్యాంకు ఖాతాను క్రెడిట్ చేశారు.

ఇక్కడ మామూలుగా జరిగేది ఎర్ర సిరాతో కొట్టేసి, సరైన పద్దు బోర్డు మీద రాసి ముందుకు సాగడం. దానికి బదులు, రాసిన పద్దు పక్కన 'ఇలా ఎందుకు రాశాను' అని నాలుగు ముక్కలు రాయమన్నాను. తెలుగైనా ఇంగ్లిషైనా ఉర్దూ అయినా, కలిపి రాసినా పర్వాలేదు, పేరు వద్దు, మార్కులు లేవు అన్నాను. ఆ కాగితాలు చదువుతుంటే దాదాపు అందరూ ఒకే కారణం చెప్పారు. 'పైసలు పడితే క్రెడిటెడ్ అనే మెసేజ్ వస్తది కదా మేడమ్' అని ఒకరు. 'డెబిట్ అంటే కట్ అయినట్టు' అని ఇంకొకరు. స్కాలర్‌షిప్ పడినప్పుడు, నాన్న ఊరి నుంచి హాస్టల్ ఫీజు పంపినప్పుడు, ఫుడ్ డెలివరీ పని చేసే పిల్లలకు వారం డబ్బులు వచ్చినప్పుడు, వందలసార్లు వాళ్లు ఆ మెసేజ్ చదివారు. వచ్చింది క్రెడిట్, పోయింది డెబిట్. ఇది వాళ్లు బతుకులో నేర్చుకున్న పాఠం. మేమొచ్చి 'వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్' అని సరిగ్గా దానికి తలకిందులుగా ఉన్న సూత్రం బట్టీ పట్టించాం. పుస్తకంలో వాక్యం కనిపిస్తే సూత్రం గుర్తొస్తుంది. మామూలు లావాదేవీ కనిపిస్తే మెసేజ్ గుర్తొస్తుంది. రెండూ ఒకే బుర్రలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు.

నిజానికి ఆ మెసేజ్‌లో తప్పేమీ లేదు. అది బ్యాంకు పుస్తకంలోంచి వచ్చిన మాట. మనం వేసిన డబ్బు బ్యాంకు మనకు తిరిగి ఇవ్వాల్సిన బాకీ, కాబట్టి దాని పుస్తకంలో మన ఖాతాకు క్రెడిట్. మన పుస్తకంలో అదే డబ్బు మన ఆస్తి, కాబట్టి బ్యాంకు ఖాతాకు డెబిట్. లావాదేవీ ఒకటే, పుస్తకాలు రెండు. పద్దు రాసే ముందు ఎవరి పుస్తకంలో రాస్తున్నామో అడగాలి. ఇది తెలిస్తే తరవాత వచ్చే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక అధ్యాయం తేలికవుతుంది, ఎందుకంటే నగదు పుస్తకానికి, పాస్‌బుక్‌కు మధ్య తేడాలు సరిచేయడమే ఆ అధ్యాయం. ఇది తెలియకపోతే ఆ అధ్యాయంలో ఏది కలపాలో ఏది తీసివేయాలో ఎన్ని పట్టికలు బట్టీ పట్టినా నిలవదు. నిలవకపోతే మళ్లీ స్టాఫ్ రూములో 'బేసిక్స్ లేవు' అంటాం. ఆ పిల్లలకు బేసిక్స్ లేకపోవడం కాదిది. వాళ్లకు ఒక బలమైన నమ్మకం ఉంది, అది సగం నిజం కూడా. మేం దాన్ని ఎప్పుడూ అడిగి తెలుసుకోలేదు.

తరవాతి ఏడాది పాఠం మార్చాను. ఒక సెక్షన్‌లో మొదటి వారమే ఇద్దరు పిల్లల్ని ముందుకు పిలిచాను. ఒకరు దుకాణం, ఒకరు బ్యాంకు, ప్రతి లావాదేవీకి ఇద్దరూ తమ తమ పుస్తకంలో ఒకేసారి పద్దు రాయాలి, బోర్డు మీద పక్కపక్కన. వాళ్ల ఫోన్లలో ఉన్న మెసేజ్‌లే లెక్కలు. రెండో సెక్షన్‌లో ఎప్పటిలా చెప్పి, చిన్న పరీక్ష అయ్యాక అదే పాఠం వాళ్లకూ చెప్పాను. ఏ పిల్లలకూ అన్యాయం జరగకూడదు కదా. సమన్వయ పట్టిక దగ్గరికి వచ్చేసరికి రెండు పుస్తకాల పాఠం ముందుగా విన్నవాళ్లలో తడబాటు బాగా తగ్గింది. చెల్లించాల్సిన అద్దె, ముందే వచ్చిన ఆదాయం లాంటి సర్దుబాట్లలో మాత్రం ఏ మార్పూ లేదు. అంటే అక్కడ అడ్డం పడుతున్నది వేరే ఏదో. అది ఇంకా వెతకాలి. ఒక పాఠం అన్ని రోగాలనూ నయం చేసిందని ఎవరైనా చెబితే నేను నమ్మను.

ఇంకో సంగతి కన్‌సైన్‌మెంట్ ఖాతాల దగ్గర తెలిసింది. సరుకు పంపినవాడు ఒకరు, దాన్ని కమీషన్‌కు అమ్మిపెట్టేవాడు ఇంకొకరు. అమ్మాక ఇంత వచ్చింది, ఖర్చులింత, నా కమీషన్ ఇంత, మీకు రావాల్సింది ఇంత అని అమ్మినవాడు పంపే పత్రాన్ని అకౌంట్ సేల్స్ అంటారు. పుస్తకంలో ఉదాహరణలన్నీ ముంబై వ్యాపారి కోల్‌కతా వ్యాపారికి పంపిన పెట్టెల గురించి. పిల్లలు ఆ పేర్లు మార్చకుండా బట్టీ పడతారు. ఒకరోజు కాగితం ముక్క మీద 'ఇలాంటి వ్యాపారం మీరెక్కడైనా చూశారా' అని అడిగితే, ఒకమ్మాయి తక్‌పట్టీ గురించి రాసింది. వాళ్ల తాత బత్తాయిలు వేసుకుని కొత్తపేట మార్కెట్‌కు వచ్చేవాడట. సరుకు, ధర, మొత్తం, అందులోంచి కమీషన్, హమాలీ, ఇతర ఖర్చులు పోను చేతికొచ్చేది. కమీషన్ ఏజెంటు రైతుకిచ్చే ఆ చీటీయే అకౌంట్ సేల్స్. అక్షరం తేడా లేదు.

కొత్తపేటలోని ఆ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇప్పుడు బాటసింగారం వెళ్లిపోయింది, ఆ స్థలాన్ని ప్రభుత్వం టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చింది. కానీ దశాబ్దాల పాటు ఆ మార్కెట్ మీద బతికిన కుటుంబాల పిల్లలు మా క్లాసుల్లో ఉన్నారు. బత్తాయి, మామిడి పండించే ఊళ్ల పిల్లలూ ఉన్నారు. వాళ్లకు ఈ అధ్యాయం కొత్తది కాదు, ఇంట్లో విన్నదే. తక్‌పట్టీ చూపించి మొదలుపెడితే వాళ్లే అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. దారిలో పాడైన పండ్ల నష్టం ఎవరిది? పుస్తకంలో సాధారణ నష్టం, అసాధారణ నష్టం అని చివర్లో వచ్చే అంశం అది. మామూలుగా అక్కడికి చేరేలోపు సగం క్లాసు వినడం మానేస్తుంది. తక్‌పట్టీతో మొదలైన రోజు ఆ ప్రశ్న మొదటి పావుగంటలోనే వచ్చింది.

ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు ఈ రెండూ దొరకలేదు, దొరకవు కూడా. దిల్‌సుఖ్‌నగర్ బీకాం విద్యార్థి తలలో ఏముందో కేంబ్రిడ్జిలోనో ఢిల్లీలోనో కూర్చున్న పరిశోధకుడికి తెలియదు. క్లాసులో వాళ్ల ముందు నిలబడ్డవాళ్లకే ఆ దారి తెరిచి ఉంటుంది.

అలాగని ప్రపంచంలో ఎవరూ చేయని పని కాదిది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990 ప్రాంతంలో తన విద్యార్థులకు న్యూటన్ సూత్రాల మీద లెక్కలు లేని, మాటల్లోనే ఉన్న ఒక పరీక్ష పెట్టాడు. కష్టమైన లెక్కలు అవలీలగా చేసే ఆ పిల్లల్లో ఒకరు, మీరు చెప్పినట్టు జవాబు రాయాలా, మేం నిజంగా అనుకుంటున్నట్టు రాయాలా అని అడిగారట. నా క్లాసులో మెసేజ్‌కు, సూత్రానికి మధ్య ఉన్న దూరం ఇదే. ఆ ప్రశ్న పట్టుకునే మజూర్ తన బోధనా పద్ధతి మార్చుకున్నాడు. ప్రశ్న ఇచ్చి, విద్యార్థులు పక్కవాళ్లతో వాదించుకున్నాక మళ్లీ జవాబు చెప్పించే ఆ పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది.

నాకు ఇంకా దగ్గరగా అనిపించేది యూరీ ట్రైస్‌మన్ చేసిన పని. 1970ల చివర్లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు కాల్‌క్యులస్‌లో పెద్ద సంఖ్యలో తప్పుతున్నారు. ఎందుకని అధ్యాపకులను అడిగితే వచ్చిన జవాబులు మన స్టాఫ్ రూముల్లో రోజూ వినేవే. పట్టుదల లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, స్కూల్లో పునాది లేదు, పేదరికం. ట్రైస్‌మన్ ఇరవై మంది నల్లజాతి విద్యార్థులను, ఇరవై మంది చైనీస్ మూలాలున్న విద్యార్థులను తీసుకుని, వాళ్లు చదువుకునే చోటికే వెళ్లి, ఎలా చదువుతున్నారో దగ్గరుండి చూశాడు. అధ్యాపకులు చెప్పిన కారణాలేవీ నిలబడలేదు. నల్లజాతి పిల్లలు శ్రద్ధగానే చదువుతున్నారు, కానీ ఎవరి గదిలో వాళ్లు, ఒంటరిగా. చిక్కు పడితే అడిగే మనిషి లేడు. చైనీస్ పిల్లలు ముందు విడిగా చదివి, తరవాత కలిసి కూర్చుని జవాబులు సరిచూసుకుంటున్నారు. అందరూ తప్పిన లెక్క ఉంటే అది నిజంగా కష్టమైనదని వాళ్లకు తెలుస్తుంది. ఒంటరిగా చదివేవాడికి తన తెలివి తక్కువని మాత్రమే అనిపిస్తుంది. ట్రైస్‌మన్ కష్టమైన లెక్కలతో, గుంపుగా పనిచేసే వర్క్‌షాపులు పెట్టాడు. ఫలితాలు మారాయి. బోధన తక్కువైందని అదనపు క్లాసులు పెట్టి ఉంటే ఏమీ మారేది కాదు.

మన నగరంలోనూ ఇలాంటి పరిశోధనకు పునాదులు పడ్డాయి. ఉస్మానియా పక్కన, ఇప్పుడు ఇఫ్లూ అని పిలుస్తున్న సంస్థ సీఫెల్‌గా ఉన్న 1990ల్లో, సీబీఎస్ఈ తొమ్మిది, పది తరగతుల ఇంగ్లిష్ పాఠ్యప్రణాళిక క్లాసుల్లో ఎలా అమలవుతోందో చూసే అధ్యయనం అక్కడి నుంచే సాగింది. రమా మాథ్యూ నడిపిన ఆ పనిలో ఉపాధ్యాయులనే పరిశోధకులుగా తీర్చిదిద్దారు. బయటివాళ్లు వచ్చి క్లాసును కొలిచి పోకుండా, క్లాసు నడిపేవాళ్లే చూసి, రాసి, మాట్లాడుకున్నారు. అంతకు ముందు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు కేంద్రంగా ఎన్.ఎస్. ప్రభు ఇంగ్లిష్ బోధన మీద చేసిన ప్రాజెక్టు కూడా మామూలు బడుల్లోనే, పాఠం చెబుతూనే సాగింది. ఇప్పటికీ భాషా బోధన చదివేవాళ్లు ప్రపంచమంతా దాని పేరు చెబుతారు. దక్షిణ భారతంలోని మామూలు క్లాసు గదిలోంచి ప్రపంచానికి పనికొచ్చే జ్ఞానం వచ్చింది. డిగ్రీ కళాశాలల్లోంచి ఎందుకు రాకూడదు?

ఎందుకు రావడం లేదో కూడా నాకు తెలుసు. మా లెక్చరర్లు పరిశోధన చేయడం లేదని కాదు. చేస్తున్నారు. వస్తు సేవల పన్ను ప్రభావం గురించో, మ్యూచువల్ ఫండ్ల మీద మదుపరుల అభిప్రాయం గురించో పేపర్లు రాస్తారు. డబ్బు కట్టి జర్నళ్లలో వేయించుకుంటారు, ఎందుకంటే కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైలులో ఆ సంఖ్య కావాలి. నకిలీ జర్నళ్ల బెడద భరించలేక యూజీసీ 2018లో కేర్ పేరిట జాబితా పెట్టింది, 2025లో ఆ జాబితానే ఆపేసింది. ఈ మధ్యలో ఎంత కాగితం ఖర్చయిందో కానీ, అందులో ఒక్క పేజీ కూడా మా పిల్లలు సమన్వయ పట్టిక దగ్గర ఎందుకు ఆగుతున్నారో చెప్పదు. మదుపరుల అభిప్రాయం మీద పేపరు రాస్తే పరిశోధన. ఎదురుగా కూర్చున్న విద్యార్థి ఎందుకు తప్పు రాశాడో వెతికితే అది పరిశోధన కాదు, 'మీ పని మీరు చేశారు' అంటారు. ఈ లెక్క మారాలి. అమెరికాలో ఎర్నెస్ట్ బోయర్ 1990లోనే కార్నెగీ ఫౌండేషన్ తరఫున, బోధన కూడా విద్వత్తులో భాగమేనని, దాన్ని అలాగే గుర్తించాలని వాదించాడు. మనకు ముప్పై ఏళ్లు దాటినా ఆ చర్చే మొదలు కాలేదు.

తెలంగాణ కళాశాల విద్యాశాఖ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో 'జిజ్ఞాస' పేరుతో విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులు నిర్వహిస్తోంది. అధ్యాపకుడి పర్యవేక్షణలో విద్యార్థులు చుట్టుపక్కల ఊళ్లలో, బస్తీల్లో ఏదో ఒక ప్రశ్న పట్టుకుని వెతుకుతారు, రాష్ట్రస్థాయి వరకు పోటీ ఉంటుంది. మంచి పని. ఆ దారిలోనే అధ్యాపకులకు ఒక వరుస ఎందుకు ఉండకూడదు? తన క్లాసులో ఒక చిక్కు, దాన్ని ఎలా వెతికారు, పాఠంలో ఏం మార్చారు, ఏం మారింది, ఏం మారలేదు. పది పేజీల నివేదిక చాలు. ప్రైవేటు కళాశాలల వాళ్లను కూడా అందులోకి రానివ్వాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో డిగ్రీ పిల్లల్లో ఎక్కువమంది మా దగ్గరే ఉన్నారు.

సమయం ఎక్కడిది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ప్రైవేటు లెక్చరర్ బతుకు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. వేసవి వస్తే 'దోస్త్' అడ్మిషన్ల కోసం ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్ల జాబితా చేతిలో పెట్టి, ఇంతమందిని తేవాలని చెప్పే యాజమాన్యాలున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఆగితే మొదట ఆగేది మా జీతాలు. 2024లో ఆ బకాయిల కోసమే ప్రైవేటు డిగ్రీ కళాశాలలు బంద్ పాటించాయి. జీతం లేని మనిషిని పరిశోధన చేయమనడం అన్యాయం, బకాయిలు చెల్లించడం ప్రభుత్వం బాధ్యత, అందులో రెండో మాట లేదు. కానీ అడ్మిషన్ల ఫోన్లకు దొరికే గంటలు, ఎవరూ చదవని ఫైళ్లకు దొరికే గంటలు పిల్లల జవాబులు చదవడానికి ఎందుకు దొరకవు? వారానికి రెండు గంటలు. పేపర్లు దిద్దే పని ఎలాగూ చేస్తున్నాం. దిద్దేటప్పుడు తప్పు పక్కన మార్కు వేయడంతో ఆగకుండా, ఏ తప్పు ఎన్నిచోట్ల వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకుంటే సగం పని అయినట్టే. ఇప్పుడైతే ఇంటర్నల్ జవాబు పత్రాలు న్యాక్ బృందం వచ్చి వెళ్లేదాకా బీరువాలో ఉంటాయి, తరవాత చిత్తుకాగితాల వాడికి పోతాయి. నా కళ్లకు అవి అమ్ముకోకూడని ఆస్తి.

తన విద్యార్థుల మీద తానే పరిశోధన చేసే గురువు నిజాయితీగా చూడగలరా అన్న సందేహం ఇంకా బరువైనది. ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నప్పుడు పిల్లలు నాకు నచ్చే జవాబే రాస్తారు. అందుకే పేరు వద్దంటాను, మార్కులతో సంబంధం పెట్టను, చెప్పడం ఇష్టం లేనివాళ్లు ఖాళీ కాగితం ఇవ్వవచ్చంటాను. ఎవరి ఇంటి సంగతైనా బయటపడితే అది ఆ కాగితం దాటి పోకూడదు. తక్‌పట్టీ గురించి రాసిన అమ్మాయిని, నువ్వు రాసింది క్లాసులో చెప్పవచ్చా అని అడిగి, ఒప్పుకున్నాకే చెప్పాను. ఇలాంటి కట్టుబాట్లు కళాశాల స్థాయిలో రాసి పెట్టాలి. నా సొంత పాఠం బాగుందని నేనే తేల్చుకోకుండా, పక్క కళాశాల లెక్చరర్ ఒకరు నా కాగితాలు చదివి ప్రశ్నించాలి. ఐదు మెట్రో స్టేషన్ల దూరంలో ఇన్ని కామర్స్ విభాగాలున్నప్పుడు అదేమంత కష్టం?

ఏటా విద్యార్థుల చేత నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఈ పనికి ప్రత్యామ్నాయం కావు. హార్వర్డ్‌లోనే లూయీ డెలోరియే, ఆయన సహచరులు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. చక్కగా సాగిపోయే ఉపన్యాసం విన్న విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. తామే తలలు పట్టుకుని లెక్కలు చేసిన క్లాసులో తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్షలో ఫలితం తిరగబడింది. 'మేడమ్ బాగా చెబుతారు' అన్న టిక్కు చూసి సంతోషపడితే సరిపోదు.

భాష సంగతి కూడా ఇక్కడే రావాలి. మా పిల్లల్లో చాలామంది తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీలో ఇంగ్లిష్ మాధ్యమంలో చేరినవాళ్లు. ఇంగ్లిష్‌లో తరుగుదల నిర్వచనం తప్పు లేకుండా రాసిన పిల్లవాణ్ని తెలుగులో చెప్పమంటే, ఆటో కొన్న బాబాయి కిస్తీల గురించి మొదలుపెట్టి, ఏటా ఆటో విలువ ఎందుకు తగ్గుతుందో చక్కగా వివరించాడు. ఇంకో అబ్బాయి అదే నిర్వచనం అంతే బాగా రాసి, తెలుగులో ఒక్క ముక్క చెప్పలేకపోయాడు. పరీక్షలో ఇద్దరికీ ఒకే మార్కు. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా స్థానిక భాషలో పరీక్ష రాయనివ్వాలని 2023లో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. అలా రాసినవాళ్లు ఎలా రాశారో, ఏది మెరుగైందో చూడాల్సింది ఎవరు? మేమే.

ఉస్మానియా విశ్వవిద్యాలయం, రాష్ట్ర ఉన్నత విద్యామండలి చేయగలిగినవి పెద్ద ఖర్చు లేనివే. అధ్యాపకుల పనిభారంలో ఈ రెండు గంటలను చేర్చడం. అనుబంధ కళాశాలల గుర్తింపు తనిఖీలో జర్నల్ పేపర్ల సంఖ్యతో పాటు ఇలాంటి నివేదికలను అడగడం, అడిగి చదవడం. ఏటా లెక్చరర్లు కళాశాలలు మారిపోతుంటారు కాబట్టి, తెలుసుకున్నది వాళ్లతో పోకుండా విభాగంలో భద్రపరచడం. వచ్చే సంవత్సరం కొత్తగా చేరే లెక్చరర్ మొదటి రోజే ఆ పుస్తకం తెరిచి, ఫోన్ మెసేజ్ సంగతి, తక్‌పట్టీ సంగతి చదువుకుని క్లాసులోకి వెళ్లాలి.

నేను తరవాత వెతకాలనుకుంటున్నది హాస్టళ్ల సంగతి. చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లలో గదికి నలుగురైదుగురు ఉంటారు. ఒకరు బీకాం, ఒకరు కానిస్టేబుల్ పరీక్ష, ఒకరు డీఎస్సీ, ఒకరు ఉద్యోగం. గది నిండా మనుషులే, అయినా సమన్వయ పట్టికలో చిక్కు పడితే అడగడానికి ఆ గదిలో ఎవరూ లేరు. రోజూ ఇబ్రహీంపట్నం, చౌటుప్పల్ నుంచి బస్సులో వచ్చిపోయే పిల్లలకు కూడా నాలుగింటి తరవాత కలిసి కూర్చునే చోటు లేదు, కళాశాల గేటు మూసేస్తారు. బర్క్‌లీలో ట్రైస్‌మన్ చూసినదే ఇక్కడా ఉందేమోనని నా అనుమానం. అనుమానమే, ఇంకా తేలలేదు. తేల్చడానికి కావాల్సింది ఒక క్లాస్‌రూము సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉంచడం, అక్కడికి ఎవరు వస్తున్నారో, ఎవరు రాలేకపోతున్నారో, వచ్చినవాళ్లు ఏ లెక్క మీద ఎంతసేపు వాదించుకుంటున్నారో ఒక సెమిస్టర్ పాటు రాసిపెట్టడం. ఈ వరుసలో ఏ కళాశాల అధ్యాపకులైనా తమ దగ్గరా ఇలాంటి గది ఒకటి తెరిపించి రాసిపెడితే, సెమిస్టర్ చివర మా కాగితాలు, వాళ్ల కాగితాలు ఒకే బల్ల మీద పెట్టి చూసుకుందాం.